నల్లబల్ల మీద ఎడమచేయి

పెట్టె ఏరు దాటించే పంటు మీద వచ్చింది. చుట్టూ కొబ్బరికాయల బస్తాలు, రెండు మోటారు సైకిళ్ళు, అవతలి రేవులో పెళ్ళి ముగించుకుని వస్తున్న బ్యాండు మేళం వాళ్ళు. మధ్యలో తెల్లటి పెట్టె. దాని మూత మీద 'నీటికి దూరంగా ఉంచవలెను' అని పెద్ద అక్షరాలు.

మా ఊరు గోదావరి మధ్య లంక. నీటికి దూరంగా ఉండే చోటు మా దగ్గర లేదు. పెట్టె మోయడానికి వచ్చిన తొమ్మిదో తరగతి ఏసుబాబు ఆ అక్షరాలు చదివి, "అయితే దీన్ని కొబ్బరిచెట్టు మీద పెడదామాండి మాస్టారూ?" అన్నాడు. మేళం వాళ్ళు కూడా నవ్వారు.

అంతరిక్ష దూరదర్శిని తీసిన చిత్రాలతో సైన్సు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు పెట్టిన పోటీ అది. చివరి విడతకు చేరిన బడుల్లో మా హైస్కూలు ఒకటి. అలా చేరిన ప్రతి బడికీ ఆ దూరదర్శినికి ఉన్న కన్ను లాంటిదే చిన్న కన్ను ఒకటి కొన్ని వారాలపాటు వాడుకోవడానికి పంపారు. గెలిచిన బడికి అది ఉండిపోతుంది. మిగిలినవాళ్ళు వెనక్కి పంపేయాలి.

పోటీకి కాగితాలు పంపింది రత్నమాణిక్యం. మా బడిలో లెక్కల టీచరు, నా భార్య. చుక్కల దూరాలన్నీ లెక్కల పాఠమే, మీ సైన్సువాళ్ళు ఊరికే లాగేసుకున్నారు అనేది. మేము ఎంపికైనట్టు కబురు వచ్చేసరికి ఆమె లేదు. శ్రావణంలో పోయింది. గుండె, అన్నారు ఆస్పత్రిలో. నిద్రలోనే.

ప్రధానోపాధ్యాయులు గంగాధరం గారు నన్ను గదిలోకి పిలిచి, కాసేపు బల్ల మీది గాజుబిళ్ళను అటూ ఇటూ జరిపారు. "మీరు చేస్తారా మాస్టారూ? వద్దంటే వద్దని రాసేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు."

చేస్తానన్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకావడం లేదు అప్పటికి.

* * *

మొదటి రోజు వరండాలో పిల్లల్ని చుట్టూ నిలబెట్టి పెట్టె తెరిచాను. మూడు కాళ్ళ స్టాండు, దాని మీద కొబ్బరికాయంత గుండ్రటి కన్ను, పక్కన పలకంత తెర. ఏసుబాబును గోడకు చేయి ఆనించి, పది అంకెలు లెక్కపెట్టి తీసేయమన్నాను. తర్వాత కన్నును గోడవైపు తిప్పి మీట నొక్కాను.

గోడ మీద కంటికి ఏమీ లేదు. తెర మీద మాత్రం నల్లటి చీకట్లోంచి తెల్లగా ఒక అరచేయి లేచింది. ఐదు వేళ్ళు, చూపుడువేలికి కొడవలి తెగిన గీత కూడా. చేయి కాసేపు వెలిగి, అంచుల నుంచి లోపలికి కరిగిపోయింది.

"మళ్ళీ వెయ్యండి మాస్టారూ, మా చెల్లిని తీసుకొస్తాను," అన్నాడు ఏసుబాబు.

మళ్ళీ నొక్కాను. గోడ నల్లగా ఉంది.

"నా చెయ్యేదండి?"

"అయిపోయింది."

ఒంటి వెచ్చదనం తగిలినప్పుడు సిమెంటులో, సున్నంలో చాలా సన్నని మార్పు ఒకటి జరిగి అలాగే నిలిచిపోతుంది. ఈ కన్ను గోడకు ఇంకాస్త వేడి తగిలించి, ఆ దాగిన వెచ్చదనాన్ని బయటికి రప్పించి పట్టుకుంటుంది. పైపైన ఉన్నది ముందు వస్తుంది, లోతున ఉన్నది తర్వాత. నీళ్ళు తగిలితే జాడ చెరిగిపోతుంది. తగలకపోతే ఏళ్ళ తరబడి ఉంటుంది. బయటికి వచ్చింది మాత్రం మళ్ళీ గోడలోకి పోదు. ఇదంతా నేను చెబుతూ ఉంటే వెనక వరసలోంచి లోవ చేయెత్తింది. లోవ తక్కువ మాట్లాడే పిల్ల.

"అంటే చూస్తే పోద్దాండి?"

"పోతుంది. ఆ దూరదర్శినిలోనూ అంతే. ఎన్నో వేల ఏళ్ళు నడిచొచ్చిన వెలుగు దాని కంట్లో పడి అక్కడితో ఆగిపోతుంది. ఆ కిరణం ఇంకెవరికీ కనబడదు."

"అంత దూరం వచ్చి, పాపం," అంది లోవ.

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటే పోటీ పాఠానికి పనికొస్తుందని మాత్రం అనుకున్నాను.

* * *

ఆ సాయంత్రం సరిచూసుకోవాలని చెప్పి పెట్టె ఇంటికి తీసుకెళ్ళాను.

పదకొండో రోజు అయ్యాక మా అక్క ఇల్లంతా కడిగించి సున్నం వేయించింది. చావు జరిగిన ఇంటికి అలా చేయాలి, నేను అడ్డు చెప్పలేదు. సున్నం పడని చోట్లు మూడే మిగిలాయి. మంచం తలవైపు గోడ, మంచం జరపలేక వదిలేశారు. వంటింట్లో అటక కింద, డబ్బాల వరస వెనక. డాబా మెట్ల మలుపులో లోపలివైపు గోడ.

మంచం జరిపాను. మీట నొక్కాను. తెర మీద ముందు నా వీపు వచ్చింది. అది పోయాక పక్కనే ఇంకొకటి. చిన్న భుజాలు, పైన తల వెనక భాగం. పడుకునే ముందు ఆమె గోడకు ఆనుకుని జవాబు పత్రాలు దిద్దేది. నేను తెరకు దగ్గరగా జరిగేలోపు భుజాలు పోయాయి, తర్వాత తల.

అక్కడితో ఆపాల్సింది. నాలుగడుగులు నడిచి వంటింట్లోకి వెళ్ళాను. అటక కింద ఒక అరచేయి, పైనున్న డబ్బా అందుకునేటప్పుడు ఊతం కోసం ఆనించేది. వేళ్ళు బాగా విడదీసి ఉన్నాయి. అది కూడా పోయింది. ఇక మెట్ల దగ్గరికి వెళ్ళకుండా ఉండగలనని హాల్లో కాసేపు కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. అన్నం ఇంకా వండలేదు. వెళ్ళాను.

మెట్ల మలుపులో వచ్చింది అరచేయి కాదు. మోచేతి నుంచి మణికట్టు దాకా అడ్డంగా ఒక పట్టీ, దాని పైన గుండ్రటి మచ్చ. అదేమిటో నాకు బోధపడలేదు. తల వంచి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి తెర నల్లగా ఉంది.

తర్వాత ఇల్లంతా తిరిగాను. ప్రతి గోడ మీదా కన్ను పెట్టాను. వచ్చినవన్నీ నా చేతులే, ఆ సాయంత్రం పెట్టె మోస్తూ నేనే ఆనించినవి.

* * *

ఇంకొక చోటు ఉందని మర్నాడు తొమ్మిదో తరగతిలో హాజరు వేస్తుండగా తట్టింది.

ఆ గదిలో ఉన్నది పాతకాలపు సిమెంటు నల్లబల్ల. మాణిక్యం కుడిచేత్తో రాసేటప్పుడు ఎడమ అరచేయి బల్లకు ఆనించి నిలబడేది. ఎప్పుడూ ఒకే చోట, తేదీ వేసే మూలకు కాస్త దిగువన. లంకకు బదిలీ అయి వచ్చిన నాటి నుంచీ అంతే. అక్కడ సిమెంటు నున్నబడి ఉంది. కిటికీలోంచి ఎండ పడినప్పుడు తెలుస్తుంది.

ఆ రోజు నుంచి తొమ్మిదో తరగతిని వరండాలోకి తెచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. లోపల ఉక్కపోత అన్నాను.

"వరండాలో ఎండ కొడతందండి," అన్నాడు ఏసుబాబు.

"జరిగి కూర్చో."

పోటీ నిబంధనల్లో ఒకటి నన్ను నిలవనివ్వలేదు. న్యాయనిర్ణేతల ఎదుట చెప్పే పాఠంలో, దూరదర్శిని చిత్రంతో పాటు, పిల్లలు తమ ఊళ్ళో వెతికి పట్టుకున్న జాడల్లో వీలైనంత పాతది ఒకటి చూపించాలి. పాత వెలుగు అంటే ఏమిటో పిల్లలకు అప్పుడు తెలుస్తుందని. మా బడికి కిందటి ఏడే రంగులు వేశారు. ఊళ్ళో ఏటా వరద వచ్చి నడుము ఎత్తు దాకా గోడల్ని కడిగి పోతుంది. పిల్లలు గుంపులు గుంపులుగా తిరిగి మొన్నటి జాడలు, నిన్నటి జాడలు తప్ప పట్టుకోలేకపోయారు.

"మా తాత కూర్చునే ఎత్తరుగుందండి, వరదెక్కదండి," అన్నాడు ఏసుబాబు. "నలభై ఏళ్ళ జాడుంటది. కానీ తాత దిగట్లేదండి. మీ పాఠం కోసం నన్ను లేపేత్తావంట్రా అని కర్ర తీసేడు."

లోవ మాత్రం నన్నే చూస్తోంది. "మా క్లాసు బోర్డు చూడలేదు కదండీ మాస్టారండీ."

"అది అక్కర్లేదు."

ఆ పిల్ల మళ్ళీ అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ గది ఖాళీగా ఉన్నప్పుడు స్టాండు తీసుకెళ్ళి నల్లబల్ల ఎదుట నిలబెట్టేవాణ్ణి. కన్ను ఆ నున్నటి చోటుకు తిప్పి, మీట మీద వేలు పెట్టేవాణ్ణి. తీసేసేవాణ్ణి. కంచాల చప్పుడు దగ్గరికి వస్తుంటే అన్నీ సర్దేసి బయటికి వచ్చేవాణ్ణి. చూస్తే ఉండదు. చూడకపోతే, శనివారం న్యాయనిర్ణేతల ముందు పాఠం అయిపోతుంది, ఓడితే పెట్టె వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఎప్పటికీ చూడలేను. పైగా వేసవిలో ఆ నల్లబల్ల మీదుగా పాఠాలు చూపించే పెద్ద తెర బిగిస్తారని గంగాధరం గారు చెప్పారు. ఆయన సంతోషంగా చెప్పారు, నేనూ సంతోషమే అన్నాను.

ఒంటరిగా చూసుకుంటే నాదిగా ఉంటుంది అనిపించేది. మంచం దగ్గర చూసింది నాదిగా ఎంతసేపు ఉందో గుర్తొచ్చేది.

* * *

శుక్రవారం చివరి పీరియడులో నేను స్టాఫ్ రూములో చిత్రాన్ని అట్టకు అతికిస్తున్నాను. పెద్ద ధూళి మేఘం, దాని కడుపులో అప్పుడే పుడుతున్న నక్షత్రాలు. మామూలు కళ్ళకు ఆ మేఘం చీకటి ముద్ద. పరారుణ కాంతిని పట్టే కన్నుకు మాత్రం లోపలి వెచ్చదనం కనబడుతుంది. జిగురు ఆరుతుండగా దొండాకు పసరు వాసన వచ్చింది.

వాసన తొమ్మిదో తరగతి గదిలోంచి వస్తోంది. వెళ్ళి చూశాను. పిల్లలు బెంచీలెక్కి నల్లబల్లకు రుద్దుతున్నారు. దొండాకు, బొగ్గుపొడి, నీళ్ళు. మోచేతుల దాకా నలుపు. బల్ల పైనుంచి కిందికి నల్లటి నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి, తేదీ మూల నుంచి కూడా.

నన్ను చూసి అందరూ ఒకేసారి మాట్లాడారు. "జడ్జీలు వత్తన్నారు కదండీ, బోర్డు తెల్లబడిపోయిందండి." "రేపటికి నిగనిగలాడిపోద్దండి." "మేడం గారున్నప్పుడు ఆవిడే చేయించేవోరండి ఏటా."

అవును. ఏటా బడి తెరిచిన మొదటి వారంలో ఆమే దగ్గరుండి రుద్దించేది. ఈ ఏడు రుద్దించినప్పుడు కూడా ఉంది.

"బాగుంది," అన్నాను. ఇంకేదైనా అనాలని చూశాను. "చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళండి."

బయటికి నడిచాను. బడి ఆవరణ దాటాను, కొబ్బరితోట దాటాను, రేవు దాకా వెళ్ళాను. అక్కడి నుంచి వెనక్కి వచ్చాను. బడి గేటు ముట్టుకుని మళ్ళీ రేవుకు నడిచాను. పంటు నడిపే అప్పలస్వామి రెండోసారి నన్ను చూసి తాడు పట్టుకున్నాడు.

"అవతలికాండీ మాస్టారూ?"

"కాదు."

"మరి రేవుకెందుకొచ్చేరండి?"

నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపు చూసి, అతను తాడు వదిలేసి బీడీ ముట్టించుకున్నాడు.

* * *

శనివారం ఉదయం న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చారు. మాళవిక గారు ఖగోళశాస్త్రం చదువుకున్నావిడ, నడివయసు. ఆవిడతో వచ్చిన యువకుడు కెమెరా పట్టుకున్నాడు. పాఠం తరగతి గదిలోనే చెప్పాలన్నారు. ఇప్పుడు నాకు అభ్యంతరం చెప్పడానికి కారణం లేదు. నల్లబల్ల నిగనిగలాడుతోంది.

ధూళి మేఘం చిత్రం చూపించాను. చీకటిగా కనిపించేది ఖాళీ కాదని చెప్పాను. పిల్లలు బాగా జవాబులిచ్చారు. తర్వాత జాడ చూపించాల్సిన వంతు వచ్చింది. వరండా స్తంభం మీద మొన్నటిది ఒకటి ఉంది, దానికోసం స్టాండు ఎత్తబోయాను.

"బోర్డు మీద పెట్టండి మాస్టారండీ," అంది లోవ. "నిన్న మా అందరి చేతులూ పడ్డాయి."

అక్కడ పోవడానికి ఏమీ మిగల్లేదు కదా అనుకున్నాను. కన్నును బల్లవైపు తిప్పి మీట నొక్కాను.

తెర నిండా చేతులు. చిన్నవి, సన్నవి, ఒకదాని మీద ఒకటి, రుద్దిన వైపుకు సాగిపోయినవి. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు. "అది నాదండి." "నీ మొహం, అది నాది, బొటనేలు చూడు." మాళవిక గారు నవ్వుతూ చూస్తున్నారు. చేతులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నేను మీట తీసేయాలి. తీయలేదు. వేడి ఇంకా లోపలికి పోతోంది.

ఎడమవైపు పైమూలలో ఏదో మెదిలింది.

నిన్నటి నీళ్ళు, ఏటేటా రుద్దించిన నీళ్ళు కూడా, పైపొరలోనే ఆగిపోయినట్టున్నాయి. ముందు ఒక అరచేయి అనుకున్నాను. ఒకటి కాదు. ఏళ్ళ తరబడి ఒకే చోట ఆనిన చేయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, పిల్లల చేతులన్నిటికంటే ప్రకాశంగా ఉంది. ఉంగరపు వేలి మొదట్లో నల్లటి సన్నని గీత, ఉంగరం అడ్డుపడిన చోటు.

ఆ చేతికి దిగువన ఇంకొకటి వచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా అడ్డంగా ఒక పట్టీ. దానికి కాస్త పైన గుండ్రటి మచ్చ. మెట్ల మలుపులో చూసినదే. ఈసారి ఎక్కువసేపు నిలిచింది. మచ్చ మధ్యలో చుక్కంత నలుపు. బొట్టు.

అది నుదురు. ముంజేయి బల్లకు ఆనించి, దాని పైన నుదురు కూడా బల్లకే ఆన్చి, తరగతికి వీపు పెట్టి నిలబడిన మనిషి.

"ఎవరిదండి ఇది?" మాళవిక గారు మెల్లగా అడిగారు.

ఏసుబాబు లేచి నిలబడ్డాడు. వాడి మొహంలో వేళాకోళం లేదు.

"మా లెక్కల మేడం గారిదండి. ఆయాసం వత్తే అలా ఆనుకునేవోరు. మాకో పెద్ద లెక్క ఇచ్చేసి, చెయ్యండ్రా అని అటు తిరిగి నిలబడేవోరు. లెక్క అయిపోయినా మేము అయిపోలేదనేవోళ్ళం."

"ఎన్నాళ్ళ నుంచి?" నేనే అడిగాను.

"బడి తెరిచిన కాణ్ణించీ అండి." వాడు లోవవైపు చూశాడు.

లోవ నేలవైపు చూస్తూ చెప్పింది. "మీకు చెప్పొద్దన్నారండి. చెప్తే ఆస్పత్రికి లాక్కుపోతారు, ఈ పోటీ కాగితాలు ఎవరు పంపుతార్రా అన్నారు. అవి పంపేసేక నేనే చెప్పుకుంటానర్రా అన్నారు."

కాగితాలు ఆషాఢంలో వెళ్ళాయి. నేనే తపాలాకు ఇచ్చి వచ్చాను. ఆమె ఎప్పుడు చెప్పుకుందామనుకుందో నాకు తెలియదు.

తెర మీద ముంజేయి పోయింది. పైన అరచేయి వేళ్ళ నుంచి కరుగుతూ పోయింది. నుదురు చివరిదాకా ఉంది. నేను కళ్ళజోడు తుడుచుకోలేదు. అది కూడా పోయాక మీట తీసేశాను.

యువకుడు కెమెరా తిప్పి చూసుకుంటున్నాడు. "సారీ సార్, చేతుల దగ్గర ఆపేశాను, అయిపోయిందనుకుని. తర్వాత వచ్చింది పడలేదు. ఇంకొకసారి చూపిస్తారా?"

"రాదండి."

"పడకపోతే మార్కులు వేసే మిగతావాళ్ళు ఏం చూస్తారు?"

మాళవిక గారు అతణ్ణి వారించబోయారు. పాఠానికి ఇంకా సమయం ఉంది. నేను పిల్లలవైపు తిరిగాను.

"ఆ వెలుగు అయిపోయింది. చూసినవాళ్ళం మనమే ఉన్నాం. ఎవరు ఏం చూశారో చెప్పండి. చూసిందే చెప్పాలి."

ఒకడు ఉంగరం గీత చెప్పాడు. ఒక అమ్మాయి బొట్టు చెప్పింది. ఇంకొకడు చూసింది చెప్పమంటే, సుద్దముక్క అరిగిపోతే దాన్ని గురిచూసి కిటికీలోంచి విసిరేవారని చెప్పాడు. అది తెర మీద లేదన్నాను. "ఉన్నట్టే ఉందండి," అన్నాడు. నేను దిద్దలేదు. గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నారు. నేను విన్నాను. నాకు తెలియనివి చాలా ఉన్నాయి.

* * *

మేము గెలవలేదు. కొండ ప్రాంతపు బడి ఒకటి గెలిచింది. వాళ్ళ గోడలకు వరద రాదు. మాళవిక గారు విడిగా ఫోను చేసి ఏదో చెప్పబోయి, "మీ పిల్లలు బాగా చూస్తారండి," అని పెట్టేశారు.

పెట్టెను మళ్ళీ పంటు ఎక్కించి వచ్చాం. తిరిగి వచ్చేసరికి బడి వదిలే వేళ కాలేదు. పిల్లలు గదిలో చేరి ఊరికే నల్లబల్లను చూస్తూ కూర్చున్నారు. ఎవరూ దాని మీద రాయలేదు ఆ రోజు నుంచి.

"మాస్టారండీ," అంది లోవ, "మా చేతులు కూడా పోయినట్టేనాండి?"

"పోయినట్టే."

"వేసవిలో దీని మీద ఆ పెద్ద తెర బిగించేత్తారంట కదండీ."

"బిగిస్తారు. గోడ కొట్టరు. దాని వెనకాల అలాగే ఉంటుంది."

"నీళ్ళు తగలవాండి?"

"తగలవు."

"అయితే మళ్ళీ పెడదాంరా చేతులు," అంది లోవ ఏసుబాబుతో. వాడు కిటికీలోంచి దూకి, కంచెకు పాకిన దొండపాదు దగ్గరికి పరుగెత్తాడు. ఇంకొకడు వంటగదిలోంచి బొగ్గులు తెచ్చాడు. నీళ్ళు తక్కువ పోయండి, పసరే చాలు అన్నాను. బెంచీలు ఈడ్చుకొచ్చారు. రుద్దడం మొదలుపెట్టారు.

నేను కుర్చీలో కూర్చోబోయి లేచాను. చేతుల గుండీలు విప్పి, చొక్కా మోచేతుల పైకి మడుచుకున్నాను. ఏసుబాబు గుప్పెడు ఆకు నా చేతిలో పెట్టాడు.

"మీరు ఎటేపండి మాస్టారూ?"

"ఈ మూల," అన్నాను.

తేదీ వేసే చోటుకు కాస్త దిగువన సిమెంటు ఇంకా నున్నగానే ఉంది. కుడిచేత్తో రుద్దడానికి ఎడమచేయి అక్కడే ఊతంగా ఆనించాల్సి వచ్చింది.